కీ వచ్చిన మర్నాడు



హైదరాబాదు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన రోజుల్లో పొద్దున్నే అటు వెళితే గేటు దగ్గర వరసగా సంచులు కనిపిస్తాయి. మనుషులు టీ బండి దగ్గర ఉంటారు, వాళ్ల బదులు వాళ్ల సంచులు క్యూలో ఉంటాయి. తలుపు తీయగానే కుర్చీలు నిండిపోతాయి. కుర్చీ దొరకని వాళ్లు చెట్ల కిందా, ప్రహరీ గోడ నీడనా చేరతారు. పాలమూరు, ఆదిలాబాదు, నల్లగొండ, ఖమ్మం, ఎక్కడెక్కడి పిల్లలో. అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, మెస్సులో తింటూ, రాత్రి దాకా ఇక్కడే చదువుకుంటారు.

ఏళ్ల తరబడి చూస్తున్నాను కాబట్టి ఒక చిత్రం చెబుతాను. ఇంతమంది కిక్కిరిసి ఉన్న ఆ గదుల్లో గ్రంథాలయం పుస్తకం చేతిలో పట్టుకున్నవాళ్లు తక్కువ. ఎవరి ముందు చూసినా సొంత సరుకే. స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్స్ మెటీరియల్, కోచింగ్ సెంటర్ నోట్సు, టెలిగ్రామ్ గ్రూపులో దించుకున్న పీడీఎఫ్‌లు. ఆ మెటీరియల్‌కు మొదటి పేజీలో సెంటర్ పేరు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. లోపలి సంగతులు ఎవరు రాశారు, ఎక్కడ నుంచి తెచ్చారు అన్నది మాత్రం వెతికినా కనబడదు. పక్క బీరువాల్లో అసలు పుస్తకాలు మాత్రం హాయిగా నిద్రపోతుంటాయి.

పిల్లల్ని తప్పు పట్టడం లేదు. పరీక్ష అడిగేది బిట్టు, వాళ్లు చదివేది బిట్టు. "హుస్సేన్ సాగర్ తవ్వించింది ఎవరు" అని అడుగుతారే కానీ "ఆ సంగతి నీకెట్లా తెలిసింది" అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు.

కానీ ప్రిలిమినరీ కీ వచ్చిన మర్నాడు చూడండి. ఒక్క మార్కు దగ్గర ఉద్యోగం వస్తుంది, పోతుంది. కీలో తమ జవాబు తప్పని ఉంటే అభ్యంతరం పెట్టుకోవచ్చు. అయితే ఊరికే "నాదే కరెక్టు" అంటే సర్వీస్ కమిషన్ వినదు. ఏ పుస్తకం, రచయిత ఎవరు, ఎన్నో ముద్రణ, ఏ పేజీ, ఎవరి ప్రచురణ, అన్నీ రాసి నకలు జతచెయ్యాలి. ప్రామాణికం కాని వెబ్‌సైట్లు చూపిస్తే లెక్కలోకి తీసుకోబోమని కీ ప్రకటనలోనే ఉంటుంది. ఇక చూసుకోండి. నిన్నటి దాకా మెటీరియల్ తప్ప మరొకటి ముట్టని పిల్లలు బీరువాల మీద పడతారు. తెలుగు అకాడమీ పుస్తకంలో ఏముంది, పాత ముద్రణలో ఎట్లా ఉంది, కొత్తదాంట్లో ఎందుకు మారింది, ప్రభుత్వ ఉత్తర్వులో ఏ తేదీ ఉంది... ఆ రెండు మూడు రోజులు అశోక్‌నగర్ అంతా పరిశోధకులే. జిరాక్స్ సెంటర్ల ముందు నిలబడి ఏ పుస్తకానికి ఎంత విలువ ఉందో వాళ్లు వాదించుకుంటుంటే వినాలి. పెద్ద పెద్ద సెమినార్లలో అంత నాణ్యమైన చర్చ నేను వినలేదు.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇల్లు లోయర్ ట్యాంక్‌బండ్ వైపు. నారాయణగూడ, చిక్కడపల్లి కాలేజీల పిల్లలు ప్రాజెక్టుల కోసం, పీజీ వాళ్లు డిసర్టేషన్ల కోసం అప్పుడప్పుడూ వస్తుంటారు. ఆధారాలు ఎక్కడ వెతకాలి, దొరికినవాటిలో దేన్ని నమ్మాలి అన్నదే వాళ్లతో నా పని. వచ్చినవాళ్లకు మొట్టమొదట ఈ కీ సంగతే చెబుతాను. "పరిశోధన మీకు రాదని ఎవరన్నారు? కీ వచ్చినప్పుడు మీ అన్న ఒక్క ప్రశ్నకు చేసిన పని, మీరు రాసే ప్రతి వాక్యానికీ చెయ్యండి" అంటాను. సగం మంది నవ్వుతారు. మిగతా సగం మంది వచ్చే వారం కనబడరు.

మన భాషలో ఒక మంచి మాట ఉంది, ఉపయుక్త గ్రంథ సూచి అని. ఉపయుక్తం అంటే వాడుకున్నది. వాడుకున్న పుస్తకాల పట్టిక అన్నమాట. మన వ్యాసాల చివర మాత్రం అది అలంకారం. పెళ్లి శుభలేఖ మీద 'బంధుమిత్రుల అభినందనలతో' అని అచ్చు వేయించినట్టు, తెలిసిన పేర్లన్నీ పేరుస్తారు. ఈ తప్పు నేనూ చేశాను. ఎం.ఫిల్. రోజుల్లో ఎవరిదో సిద్ధాంత వ్యాసం వెనక ఉన్న జాబితా ఘనంగా కనిపిస్తే అందులోంచి పది పేర్లు ఎత్తి నా జాబితాలో వేసుకున్నాను. వైవాకు వచ్చిన పెద్దాయన అందులో ఒకదాని మీద వేలు పెట్టి, "ఈ పుస్తకం ఎంత లావుంటుంది నాయనా?" అన్నాడు. "మూడొందల పేజీలు ఉండొచ్చు సార్" అన్నాను. "అది పద్దెనిమిది పేజీల కరపత్రం. నువ్వు వేసిన సంవత్సరం కూడా తప్పు. ఆ తప్పు మొదట ఎవరు వేశారో కూడా నాకు తెలుసు, ఆ వ్యాసానికీ నేనే పరీక్షకుణ్ని" అన్నాడు. ఆ గదిలో ఫ్యాను తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

అందుకని మా పాఠం పుస్తకంతో మొదలు పెట్టం. చెరువుతో మొదలు పెడతాం. ఎదురుగా ఉంది కదా. హుస్సేన్ సాగర్ ఎప్పుడు కట్టారు, కనుక్కుని రమ్మంటాను. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం, హుస్సేన్ షా వలీ కట్టించాడు, ఇంతవరకు అందరూ ఒకటే చెబుతారు. సంవత్సరం దగ్గర చీలిపోతారు. 1562 అని కొందరు, 1563 అని కొందరు. ఏది తప్పు సార్ అంటారు. రెండూ ఒప్పయ్యే దారి ఉందేమో చూడమంటాను. కుతుబ్ షాహీల కాలపు రాతల్లో హిజ్రీ సంవత్సరం ఉంటుంది. అది చాంద్రమానం, ఏడాదికి 354 రోజులు. ఒక హిజ్రీ సంవత్సరం సాధారణంగా మన ఇంగ్లిషు క్యాలెండర్‌లో రెండేళ్ల మీద పరుచుకుంటుంది. నెల తెలియకుండా హిజ్రీ నుంచి మార్చినప్పుడు ఒకరు ముందు ఏడాది వేస్తారు, ఒకరు వెనక ఏడాది వేస్తారు. పాత తేదీల్లో ఒక్క ఏడాది తేడా వస్తే తరచుగా కథ ఇదే.

నిజాం కాలపు కాగితాలకు వస్తే ఇంకో చిక్కు, ఫసలీ. ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే క్రీస్తు శకం. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. ఇది తెలియక ఓ అబ్బాయి తాతగారి భూమి కాగితం మీద 1340 చూసి, కాకతీయుల తర్వాతి కాలం నుంచీ ఆ పొలం తమదేనని సంబరపడ్డాడు. ఆధారం చేతిలో ఉన్నా, దాని భాష రాకపోతే అంతే.

చెరువు దగ్గరే ఇంకో పని ఇస్తాను. మన వీధిలో ఒక పెద్దమనిషిని పట్టుకుని బుద్ధుడి విగ్రహం నీళ్లలో మునిగిన సంగతి అడిగి రాసుకు రండి అంటాను. ఈ చుట్టుపక్కల అరవై దాటిన వాళ్లెవరైనా ఆ రోజు గురించి చెబుతారు. ఒకసారి ఓ పిల్ల చక్కగా రాసుకొచ్చింది. ఏ ఒడ్డున జనం గుమిగూడారు, ఎవరు ఏడ్చారు, ఆ రాత్రి బస్తీలో ఏమనుకున్నారు, అన్నీ ఉన్నాయి. కానీ అది ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జరిగిందని ఆ పెద్దాయన చెప్పాడు. విగ్రహం తలపెట్టింది రామారావే. మునిగింది 1990 మార్చి 10న. అప్పటికి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. మళ్లీ పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబరు 1న. అప్పటికి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ముగ్గురు ముఖ్యమంత్రుల కాలాన్ని ఆయన జ్ఞాపకం ఒక్కరి కింద కట్టేసింది.

"అయితే ఈయన చెప్పింది కొట్టేయాలా సార్?" అంది ఆ పిల్ల. నేను ఎదురుచూసేది ఈ ప్రశ్న కోసమే. ఎందుకు కొట్టేయాలి? తేదీకి మర్నాటి పత్రిక చూడు. ఆ రాత్రి బస్తీ ఏమనుకుందో ఏ పత్రికా రాయలేదు, దానికి ఈయనే దిక్కు. ఒక సాక్షి అన్నింటికీ పనికిరాడు. దేనికి పనికొస్తాడో చూసుకోవాలి. 'ఈ పుస్తకం మంచిదా కాదా' అని అడిగే పిల్లలు ఎక్కువ. 'దేనికి మంచిది' అని అడగడం అలవాటయ్యేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోతుంది.

మూసీ వరద దగ్గరికి వద్దాం. హైదరాబాదు మీద ఏ ప్రాజెక్టు చేసినా పిల్లలు దీన్ని వదలరు. 1908 సెప్టెంబరు 28. ఎంతమంది చనిపోయారు? ఒకచోట 15,000 అని ఉంటుంది, ఒకచోట 50,000 అని. పది వెబ్‌సైట్లలో చూశాను సార్, ఎనిమిదింటిలో ఇదే అంకె ఉంది, కాబట్టి ఇదే ఖాయం అన్నాడు ఒక అబ్బాయి. ఆ ఎనిమిదీ తెరిపించి పక్కపక్కన పెట్టించాను. వాక్యం ఒక్కటే. కామా కూడా అక్కడే ఉంది. ఒక ఊరి పేరులో అచ్చుతప్పు ఉంది, అదీ ఎనిమిదింటిలోనూ ఉంది. ఎనిమిది బావులు అనుకున్నాడు, తీరా చూస్తే ఒకే బావిలో వేసిన ఎనిమిది చేదలు. ఓట్లు లెక్కపెట్టినట్టు సాక్షుల్ని లెక్కపెడితే ఇదే గతి. ఇంగ్లిషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి దగ్గరగా వినబడతాయి కదా సార్, ఎవరో విని రాయడంలో మారి ఉంటుందేమో అని ఒక అమ్మాయి అంది. నిజమో కాదో తేల్చే ఆధారం మా చేతిలో లేదు కానీ, అట్లా అనుమానించడం వచ్చినందుకు ఆ పూట అందరికీ చాయ్ నేనే తాగించాను.

ఆ వరదలోనే చింతచెట్టు కథ ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని అందరూ రాస్తారు. చెట్టు ఉంది, వెళ్లి చూడొచ్చు. ఈ వాక్యాన్ని మాత్రం పిల్లల ముందు పెట్టి, ఇది ఎప్పుడు రాసిన వాక్యమో చెప్పమంటాను. తేదీ లేదు కదా సార్ అంటారు. ఉంది, వెతకమంటాను. 1908లో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కింది 1911లో. ఆయన పేరుతో ఆసుపత్రి రావడం ఆ తర్వాతి మాట. వరద రోజున చెట్టు మీద ఉన్న మనిషి ఎవడూ 'ఉస్మానియా ఆసుపత్రి' అని అనడు. అంటే ఈ వాక్యం ఎప్పుడో తర్వాత రాసింది. కథ అబద్ధమని కాదు, ఆ రోజున రాసిన మాట కాదని తేలింది. పెద్ద పెద్ద పరికరాలు అక్కర్లేదు, వాక్యంలోని మాటే దాని వయసు చెప్పేసింది. ఇదొక్కటి పట్టుబడితే పిల్లలు వారం రోజులు ఆగరు. ఇంట్లో తాతల కథలు, గుడి దగ్గర స్థలపురాణాలు అన్నింటి మీదా పడతారు. కొందరి ఇళ్లలో నామీద కోపాలు కూడా వచ్చాయి.

ఇక నాకు ఇష్టమైన సంగతి. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల వరసలో సురవరం ప్రతాపరెడ్డిది ఉంది. బైకుల మీద రోజూ దాటిపోతారు, ఆగి చూసినవాళ్లు తక్కువ. ఆయన గోలకొండ పత్రిక నడుపుతున్న రోజుల్లో, తెలంగాణలో తెలుగు కవులనేవాళ్లు లేరన్నట్టు ఒక పండితుడు రాశారు. ఇప్పటి రోజులైతే ఏమయ్యేదో మీకు తెలుసు, పొద్దుటికల్లా రెండు వైపులా వెయ్యి తిట్లు. ప్రతాపరెడ్డి తిట్టలేదు. కవులందరికీ పత్రిక ద్వారా పిలుపు పెట్టారు. మీ పద్యాలు పంపండి, మీ వివరాలు పంపండి అని. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. పేరూ ఊరూ సహా. ఆ తర్వాత ఆ వాదం ఇంకెవరు ఎత్తుతారు?

పరిశోధన పత్రం అంటే ఏమిటని అడిగే పిల్లలకు నేను నిర్వచనం చెప్పను, ఈ సంచిక చేతిలో పెడతాను. కొంచెం సేపు ముచ్చటపడ్డాక రెండో పాఠం. ఇందులో ఎవరు లేరు? పత్రిక వెళ్లని ఊళ్లో కవి ఉంటే ఆయనకు పిలుపు అందిందా? చదవడం రాయడం రాకుండా ఆశువుగా పాడే మనిషి సంగతేమిటి? ఎంతమంది ఆడవాళ్లు తమ పేరుతో పంపగలిగి ఉంటారు? ప్రతాపరెడ్డి అంతటివాడు చేసిన పనికీ అంచులు ఉంటాయి. అంచు ఎక్కడుందో చూడటం ఆయన్ని తక్కువ చేయడం కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పడుతుంది. మన దగ్గర గౌరవం అంటే ప్రశ్న వేయకపోవడమని పిల్లలకు చిన్నప్పుడే నూరిపోస్తాం.

ఆయనదే ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంది. 1949లో వచ్చింది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేరు, 1953లోనే పోయారు. ఓ విద్యార్థి తన పేపర్లో ఈమధ్య వచ్చిన పునర్ముద్రణ సంవత్సరం వేసి, 'ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి అభిప్రాయపడ్డారు' అని రాశాడు. పోయిన మనిషి ఇటీవల అభిప్రాయపడడం నాకు తెలిసి అదే మొదటిసారి. అందుకే పుస్తకం తెరవగానే అట్ట వెనక పేజీ చదవండి అంటాను. మొదటి ముద్రణ ఎప్పుడు, ఈ ముద్రణ ఎప్పుడు, మధ్యలో ఎవరైనా సవరించారా. అందరూ తిప్పేసే ఆ పేజీలోనే పుస్తకం జాతకం ఉంటుంది.

ఆ పుస్తకంలో ఆయన చేసిన పని చూడండి. రాజుల చరిత్ర కాకుండా జనం చరిత్ర రాయాలనుకున్నారు. జనం ఏం తిన్నారు, ఏ ఆటలు ఆడారు, ఏం కట్టుకున్నారు అన్నది ఏ శాసనంలో దొరుకుతుంది? ఆయన కావ్యాల్లోకి వెళ్లారు. కావ్యం కల్పన కదా సార్, ఆధారం ఎట్లా అవుతుంది అంటారు పిల్లలు. కవి తన రాజు గురించి చెప్పిన చోట నమ్మకండి, అక్కడ ఆయనకు అవసరం ఉంది. అదే కవి కథ నడుపుతూ దారిలో పూటకూళ్లింటి భోజనం గురించో, వీధిలో ఆట గురించో ఒక ముక్క అనేసి వెళ్లిపోతాడు. అక్కడ అబద్ధం చెప్పి ఆయనకు ఒరిగేదేమీ లేదు. పనిగట్టుకుని చెప్పినదానికంటే నోరు జారి చెప్పినది చరిత్రకారుడికి అక్కరకొస్తుంది. పోలీసు స్టేషన్‌లో పనిచేసిన మా మేనమామ కూడా ఇదే మాట అనేవాడు లెండి.

వెతకడం గురించి కొంచెం చెప్పాలి, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. సార్, గూగుల్ల లేదు అంటారు. గూగుల్లో లేకపోవడానికి సగం సార్లు కారణం మన అక్షరాలే. తెలంగాణ, తెలంగాణా, తెలంగాణము. హైదరాబాదు, హైద్రాబాద్, భాగ్యనగరం. రాసిన, వ్రాసిన. అన్నీ వేసి చూడాలి. పాత తెలుగు పుస్తకాలు లక్షల పేజీలు స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. మన రాజ్ రెడ్డి గారు మొదలుపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పుస్తకాలు కూడా ఉన్నాయి. మహోపకారం. కానీ పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. పుస్తకం ఉంటుంది, పేరుతో వెతికితే రాదు. రచయిత ఇంటిపేరు తప్పుల తడకగా ఊహించి కొట్టాలి. అదో కళ. పాత పత్రికలు ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టారు. సిద్ధాంత వ్యాసాలకు శోధ్‌గంగ ఉంది. ఇవన్నీ అయ్యాక గ్రంథాలయంలో 954 అంకె వేసిన బీరువా దగ్గరికి వెళ్లి నిలబడండి. డ్యూయీ పద్ధతిలో అది భారతదేశ చరిత్ర. మీరు వెతికే పుస్తకం పక్కన మీరు ఊహించని పుస్తకం ఉంటుంది. ఆ పక్కది ఏ యంత్రమూ చూపించదు. ఇంకో మాట. కౌంటర్ దగ్గర కూర్చున్న లైబ్రేరియన్ని ఏదైనా అడగండి. వాళ్లను పిల్లలు అడిగేది ఫ్యాను స్విచ్ ఎక్కడని మాత్రమే.

చిక్కడపల్లికి నాలుగడుగుల దూరంలో, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అందులో తెలుగు పుస్తకాలతో పాటు ఉర్దూ పరిశోధన కేంద్రం ఒకటుంది. ఒక వ్యక్తి జీవితాంతం కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలూ పత్రికలే దాని పునాది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు కూడా చెయ్యి కలిపారు. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్ సాగర్ నుంచి దిగే నాలా పొంగి ఆ నీళ్లు ఈ కేంద్రంలోకి వచ్చాయి. పుస్తకాలు తడిశాయి. తర్వాత ఎందరో కూర్చుని ఒక్కో పేజీ ఆరబెట్టుకున్నారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పి ఊరుకుంటాను. జాబితాలో ఒక పాత పత్రిక పేరు వేసేటప్పుడు దాన్ని ఎవరు దాచారు, ఎవరు ఆరబెట్టారు అన్నది కూడా కొంచెం గుర్తుండాలి కదా.

ఇప్పుడు చెడ్డ కబుర్లు. త్వరగా చెప్పేస్తాను. యూజీసీ 2016 నిబంధనల్లో, సిద్ధాంత వ్యాసం ఇచ్చే ముందు ఒక పత్రం జర్నల్‌లో అచ్చు కావాలన్నారు. గిరాకీ పుట్టింది కాబట్టి దుకాణాలు వెలిశాయి. డబ్బు కట్టు, నాలుగు రోజుల్లో అంతర్జాతీయ జర్నల్‌లో అచ్చు. 2018 మే నెలలో యూజీసీ తన జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నళ్లను తీసేసింది. 2022 నిబంధనల్లో ఆ అచ్చు షరతు కూడా పోయింది. మన హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పత్రాలను నిపుణులు పరీక్షిస్తారని చెప్పుకుని పరీక్షించకుండా వేయడం అందులో ఒక ఆరోపణ. కాబట్టి జర్నల్ అన్న మాట చూసి చేతులు జోడించనక్కర్లేదు. సంపాదకవర్గంలో ఉన్న పేరొకటి తీసుకుని, ఆ మనిషి విశ్వవిద్యాలయం పేజీలో ఈ జర్నల్ ఊసు ఉందేమో చూడండి.

అంటే ఆ జర్నల్ పేజీ వదిలి బయటికి వెళ్లి చూడటం. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 45 మందికి కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగ్గదో చెప్పమన్నారు. 25 మంది వాళ్ల విద్యార్థులు, 10 మంది చరిత్రలో పీహెచ్‌డీలు, 10 మంది వృత్తిగా వార్తల నిజానిజాలు తేల్చేవాళ్లు. విద్యార్థులే కాదు, చరిత్రకారులు కూడా చాలామంది అందమైన పేజీ చూసి మోసపోయారు. పేజీని కింద దాకా శ్రద్ధగా చదివారు మరి. నిజం తేల్చే వృత్తివాళ్లు ఆ పేజీ మీద ఎక్కువసేపు ఆగలేదు, వెంటనే పక్కకు పోయి దాని గురించి ఇతరులేమంటున్నారో చూశారు. సంబంధం చూసేటప్పుడు మనం చేసే పనే అది. పిల్లవాడి గురించి పిల్లవాడి ఇంట్లో అడగం, ఆ వీధి కిరాణా కొట్టులో అడుగుతాం.

చాట్‌బాట్ సంగతీ అంతే. ఐదు ఆధారాలు ఇమ్మంటే ఐదూ ఇస్తుంది. రచయిత, ప్రచురణ, సంవత్సరం, పేజీ, చూడ ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్ని ఈ లోకంలో లేని పుస్తకాలు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇట్లాగే లేని కేసులు ఆరు కోర్టుకు చూపించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మా దగ్గర ఒక్కటే నియమం, చేత్తో పట్టుకోని పుస్తకం జాబితాలో వేయకూడదు. స్క్రీన్ మీద పేజీ చూసినా సరే, చూడాలి. సాఫ్ట్‌వేర్ 10 శాతం లోపు చూపిస్తే యూజీసీ లెక్కలో కాపీ కిందికి రాదు, నిజమే. కానీ ఆ యంత్రం పోలిక కొలుస్తుంది, నిజం కొలవదు. సొంత మాటల్లో రాసిన అబద్ధానికి దాని దగ్గర నూటికి నూరు మార్కులు.

మొన్న జరిగింది చెప్పి ముగిస్తాను. గోలకొండ కవుల సంచిక పాఠం అయ్యాక వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అందరూ వెళ్లేదాకా ఆగాడు. గ్రూప్స్‌కు చదువుతూ ఎం.ఏ. చేస్తున్నాడు. తల గోక్కుంటూ అన్నాడు.

"సార్, 354 మంది అన్నరు గదా. ఆ లెక్క ఎవరు వెట్టిన్రు?"

"అందరూ అదే అంకె రాస్తారు కదయ్యా" అన్నాను. అంటూండగానే నాకు ఎనిమిది చేదలు గుర్తొచ్చాయి.

"మీరు లెక్కవెట్టిన్రా సార్?"

ముప్పై ఏళ్లుగా చెబుతున్న అంకె. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

వచ్చే వారం ఇద్దరం కూర్చుంటున్నాం. సంచిక తెప్పించి పెట్టమని గ్రంథాలయంలో చెప్పి వచ్చాను. ఒకరి పద్యాలు రెండు చోట్ల ఉంటే ఒకటిగా లెక్కేయాలా, రెండుగానా అని వాడు ఇప్పటికే ఫోన్ చేసి అడిగాడు. నోటు పుస్తకంలో నిలువు గీతలు గీసుకుని తెస్తానన్నాడు. నేను కళ్లజోడు మార్పించుకోవాలి.